మాత్ర మొదలుపెట్టడం, మాత్ర మానడం

(ఆకాశవాణి మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మన ఇళ్ళల్లో బి.పి. మాత్ర వేసుకునేవాళ్ళు ఆ అట్టను భోజనాల బల్ల మీదే పెట్టుకుంటారు. షుగరు మాత్ర సంగతి సరేసరి, పెళ్ళిపందిట్లో నలుగురి ముందూ వేసుకుంటారు. కాని మనసు బాగుండక డాక్టరు రాసిచ్చిన మాత్రను మాత్రం బియ్యం డబ్బా వెనకాల దాచుకుంటాం. దాచుకున్న మందుతో వచ్చే చిక్కేమిటంటే, దాని గురించి ఎవరినీ ఏమీ అడగం. అడగకుండానే వేసుకుంటాం, అడగకుండానే మానేస్తాం. ఈవేళ ఆ మాత్రల గురించే నాలుగు మాటలు చెబుదామనుకుంటున్నాను.

నేను డాక్టర్ని కాను. పదో తరగతి దాకా చదువుకుని, ఇల్లు దిద్దుకుంటూ, పిలిచినప్పుడు వచ్చి ఇలా మైకు ముందు కూర్చునే మనిషిని. అయినా ఈ విషయం మాట్లాడే హక్కు నాకు కాస్త ఉందనే అనుకుంటున్నాను. ఎందుకంటే ఆ మాత్రలు నేను వేసుకున్నాను. వేసుకోవడంలో ఒక పెద్ద పొరపాటు కూడా చేశాను.

నాలుగేళ్ళ క్రితం సంగతి. ఫలానా కష్టం వచ్చిందని చెప్పడానికి లేదు. మావారి ఉద్యోగం బాగానే ఉంది, పిల్లలు బాగానే చదువుకుంటున్నారు. కాని నాకు తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసేది. గుండె దడదడలాడేది. పప్పులో ఉప్పు వేశానో లేదో గుర్తుండేది కాదు. కాలింగ్ బెల్ మోగితే లేచి వెళ్ళి తలుపు తియ్యడం కొండెక్కినంత పని. ఊరికే ఏడుపొచ్చేది. మా అత్తగారు రక్తం తక్కువైందన్నారు, మావారు గుండెజబ్బేమోనని భయపడ్డారు. మా ఫ్యామిలీ డాక్టరుగారు ఇ.సి.జి. తీయించి, రక్తపరీక్ష చేయించి, థైరాయిడ్ కూడా చూపించారు. థైరాయిడ్ తగ్గినా, రక్తహీనత ఉన్నా మనిషి ఇలాగే డీలా పడిపోవచ్చట. ఆ పరీక్షలన్నీ బాగానే ఉన్నాయని తేలాక, "ఇది కుంగుబాటమ్మా, దానితోపాటు ఆందోళన కూడా ఉంది. మానసిక వైద్యుడికి చూపించుకోండి" అన్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. దిగులుపడ్డ ప్రతివాళ్ళకీ మాత్రలు అక్కరలేదు. కుంగుబాటు కొద్దిపాటిదైతే శిక్షణ పొందినవాళ్ళతో కూర్చుని మాట్లాడటం, రోజూ నడవటం, వేళకు నిద్రపోవటం లాంటి వాటితోనే తగ్గవచ్చు. రెండు వారాలకు మించి రోజంతా మనసు బాగుండక, నిద్ర, తిండి, ఇంటిపని అన్నీ దెబ్బతిన్నప్పుడు మందు అవసరమా అన్నది డాక్టరు నిర్ణయించాలి. మందు వేసుకుంటున్నా ఆ మాట్లాడే వైద్యం కూడా తోడైతే మరీ మంచిది.

ఈ మందులు పుట్టిన కథ కూడా చిత్రమైనదే. 1952లో అమెరికాలో న్యూయార్కులోని ఒక క్షయ ఆసుపత్రిలో ఇప్రోనియజిడ్ అనే కొత్త మందు ఇచ్చి చూస్తుంటే, మంచం పట్టిన రోగులు లేచి హుషారుగా తిరగడం మొదలుపెట్టారట. క్షయకిచ్చిన మందు మనసు మీద పనిచేస్తోందని అలా బయటపడింది. తర్వాత అది కాలేయాన్ని పాడుచేస్తుందని వాడకం మానేశారు గాని, దాని వెనకాలే మరింత మంచి మందులు వచ్చాయి. ఇప్పుడు మన చీటీల్లో ఎక్కువగా కనిపించే పేర్లు ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూఆక్సెటిన్. మెదడులో సెరటోనిన్ అనే పదార్థం పనిచేసే తీరును ఇవి మారుస్తాయి. నాకు రాసింది వీటిలో ఏదో మాత్రం చెప్పను. చెబితే మీలో ఎవరో ఒకరు సాయంత్రానికల్లా మందుల షాపులో ఆ పేరు అడుగుతారని నా భయం. చీటీ లేకుండా వీటిని అమ్మకూడదని చట్టం. ఒకరికి సరిపడ్డ మందు ఇంకొకరికి పడకపోవచ్చు. తోడికోడలికి పనిచేసింది గదా అని ఆమె అట్టలోంచి రెండు మాత్రలు చింపి తెచ్చుకోవడం అస్సలు పనికిరాదు.

డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు దాపరికం లేకుండా చెప్పవలసినవి కొన్నున్నాయి. వేరే ఏ మందులు వాడుతున్నాం, గుండెజబ్బు, ఫిట్సు, గ్లాకోమా వంటివి ఏమైనా ఉన్నాయా, గర్భం ధరించే ఆలోచన ఉందా అన్నవి చెప్పాలి. ఇంకొకటి కూడా ముఖ్యం. ఎప్పుడైనా కొన్నాళ్ళపాటు విపరీతమైన హుషారు వచ్చి, నిద్రలేకపోయినా అలుపు తెలియక, గడగడా మాట్లాడుతూ, ఎడాపెడా డబ్బు ఖర్చు పెట్టేసిన సందర్భం ఉందా? మనకు గానీ, రక్తసంబంధీకులకు గానీ అలా జరిగి ఉంటే తప్పకుండా చెప్పాలి. అటువంటివాళ్ళకు ఈ మాత్రలు ఒక్కటే ఇస్తే ఆ హుషారు జబ్బుగా తిరగబెట్టవచ్చు. వాళ్ళ వైద్యం వేరు.

ఇక మొదటి రోజులు. తలనొప్పి మాత్ర అరగంటలో పనిచేస్తుంది. ఇది అలా కాదు. పాలు తోడుపెట్టి గంటకోసారి మూత తీసి గిన్నె కదిలిస్తే పెరుగు తోడుకుంటుందా? దీనికీ వ్యవధి ఇవ్వాలి. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో మార్పు తెలియడం మొదలవుతుంది. పూర్తి గుణం కనిపించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు. చిక్కేమిటంటే, గుణం కంటే ముందు ఇబ్బందులు వస్తాయి. కడుపులో తిప్పడం, తలనొప్పి, విరేచనాలు, నోరు ఎండటం, నిద్ర పట్టకపోవటం లేదా మగతగా ఉండటం లాంటివి. ఆందోళన ఉన్నవాళ్ళకు మొదట్లో గాభరా కాస్త పెరగవచ్చు కూడా. అందుకే డాక్టర్లు తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. నాకు పదిరోజులు పొద్దున్నే వేవిళ్ళలాగా వికారం పెట్టింది. టిఫిను తిన్నాక వేసుకోమన్నారు, కొంత నయమయింది. చాలామందికి ఇవి ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటాయి. మగత ఉందో లేదో తేలేదాకా స్కూటరు నడపకండి. ఒకపూట మాత్ర మరిచిపోతే మర్నాడు రెండు కలిపి వేసుకోకండి. భార్యాభర్తల మధ్య దాంపత్య సుఖం తగ్గినట్టు అనిపించడం కూడా ఈ మందుల వల్ల జరుగుతుంది. మనం సిగ్గుపడి చెప్పం, చెప్పకుండా మందు మానేస్తాం. చెబితే మోతాదో, మందో మార్చడానికి వీలుంటుంది.

ఇప్పుడు నా పొరపాటు. రెండు నెలలయ్యేసరికి నాకు మళ్ళీ ఇంటి మీద ధ్యాస వచ్చింది. నాలుగో నెలలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు, నా హ్యాండుబ్యాగులో మాత్రల అట్ట మా పిన్ని కంట పడింది. "ఇవెందుకే నీకు? ఒకసారి అలవాటైతే జన్మంతా మింగాలిట" అంది. పిన్ని చెడ్డది కాదు, నా మీద ప్రేమతోనే అంది. నేను ఇంటికి రాగానే ఎవరికీ చెప్పకుండా అట్ట తీసి చెత్తబుట్టలో పడేశాను. బాగానే ఉన్నాను గదా, ఇంకా ఎందుకు అనుకున్నాను.

మూడో రోజు నుంచి తల తిరగడం మొదలైంది. తల ఇటు తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టు జిల్లుమనేది. పిచ్చిపిచ్చి కలలు, అందరిమీదా విసుగు. పదిరోజులకు అవి తగ్గాయి. గెలిచాననుకున్నాను. నెలన్నర తిరిగేసరికి మళ్ళీ ఆ మూడు గంటల మెలకువ. ఈసారి మొదటిసారి కంటే లోతుగా దిగిపోయాను. ఒక మధ్యాహ్నం, అంట్లు ముందేసుకుని కూర్చుని, నేను లేకపోతేనే వీళ్ళంతా హాయిగా ఉంటారు అనుకున్నాను. ఆ ఆలోచన ఎంత మామూలుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. దేవుడి దయవల్ల చెయ్యి తుడుచుకుని వెంటనే మావారికి ఫోను చేశాను. ఆయన ఆఫీసు నుంచి వచ్చి అటునుంచి అటే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళారు.

ఆయన కోప్పడలేదు. "మొదలుపెట్టడానికి నా చీటీ కావలసొచ్చింది గదమ్మా, మానడానికి అక్కరలేదా?" అన్నారంతే.

ఆ రోజు తెలుసుకున్నది చెబుతాను. మొదటిసారి కుంగుబాటు వచ్చినవాళ్ళు బాగయిన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు, చాలామంది తొమ్మిది నుంచి పన్నెండు నెలలు మందు కొనసాగించాలి. బాగున్నాం కాబట్టి మానడం కాదు, ఆ బాగు నిలబడటానికే వేసుకోవాలి. రెండు మూడుసార్లు తిరగబెట్టినవాళ్ళకు ఇంకా ఎక్కువ కాలం కావచ్చు. మానేటప్పుడు మేడ మీంచి దూకకుండా మెట్లు దిగినట్టు, మోతాదు తగ్గించుకుంటూ వారాల తరబడి, ఒక్కొక్కరికి నెలల తరబడి దిగాలి. ఒక్కసారిగా మానితే వచ్చే ఆ తలతిప్పు, జిల్లుమనడం కొద్దిరోజుల్లోనే మొదలవుతాయి. జబ్బు తిరగబెట్టడం మాత్రం వారాలు గడిచాక నెమ్మదిగా వస్తుంది. ఏది ఏదో డాక్టరే తేల్చాలి.

మరి అలవాటవుతుందన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? నిద్రమాత్రల నుంచి. ఆల్ప్రజోలామ్, క్లోనాజెపామ్ వంటివి గాభరాను వెంటనే తగ్గిస్తాయి. మొదట్లో కొన్ని వారాలకు డాక్టర్లు వాటినీ రాస్తారు. అవి నెలల తరబడి వేసుకుంటే నిజంగానే అలవాటవుతాయి, ఇంకా ఇంకా కావాలనిపిస్తాయి. చాలాకాలం వాడి హఠాత్తుగా మానితే ఫిట్సు కూడా రావచ్చు. కుంగుబాటు మాత్రలు ఆ జాతివి కావు. ఒక్కసారిగా మానితే శరీరం ఎదురుతిరుగుతుంది నిజమే గాని, వాటి కోసం మనిషి తహతహలాడిపోవడం ఉండదు. చీటీలో రెండు మాత్రలుంటే ఏది ఎంతకాలమో విడివిడిగా అడిగి తెలుసుకోండి.

మన వంటింటి షెల్ఫులో ఉండే ఇతర మందుల సంగతి కూడా చూడాలి. మోకాళ్ళ నొప్పులకు మనమే కొనుక్కునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటివి ఈ మాత్రలతో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. ట్రామడాల్ అనే నొప్పి మందు, సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక మందు వీటితో కలిస్తే సెరటోనిన్ మితిమీరి జ్వరం, చెమటలు, వణుకు, కండరాలు బిగుసుకోవటం, మతి తప్పటం జరగవచ్చు. అలా అయితే ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. కాబట్టి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినా సరే, నేను ఈ మందు వాడుతున్నానని చెప్పండి.

గర్భం వచ్చిందని తెలియగానే కొందరు భయపడి ఆ రోజే మానేస్తారు. అది తల్లికీ బిడ్డకీ మంచిది కాకపోవచ్చు. మానకముందే డాక్టర్ని కలవండి. పాలిచ్చే తల్లులకు పాలలోకి తక్కువగా వెళ్ళే మందు చూసి రాస్తారు. ఇరవై అయిదేళ్ళ లోపు పిల్లలకు మందు మొదలుపెట్టిన తొలివారాల్లో, మోతాదు మార్చినప్పుడు చావు ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది. ఆ రోజుల్లో ఒంటరిగా వదలకండి, మాత్రల అట్ట పెద్దవాళ్ళ బీరువాలో ఉంచండి. పెద్ద వయసువాళ్ళలో రక్తంలో సోడియం తగ్గి తికమకపడటం, తూలిపడటం జరుగుతుంది. బి.పి. కోసం నీళ్ళ మాత్ర వాడేవాళ్ళలో ఇది మరీ ఎక్కువ. అత్తగారు మాటల్లో తడబడుతుంటే వయసు మీదపడిందని సరిపెట్టుకోకుండా రక్తపరీక్ష చేయించండి.

డాక్టరు దాకా వెళ్ళడానికి వీలులేనప్పుడు, లేదా ఆ మధ్యాహ్నం నాకొచ్చినటువంటి ఆలోచన వచ్చినప్పుడు, 14416 నంబరుకు ఫోను చెయ్యండి. ఇది టెలి మానస్ అని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన సేవ. రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. నలుగురికీ తెలిసిపోతుందనే బెంగ కూడా వద్దు. మన జబ్బు వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

నేను రెండోసారి ఏడాదిపైన వేసుకున్నాను. తర్వాత డాక్టరుగారు చెప్పినట్టే మూడు నెలల్లో కొద్దికొద్దిగా తగ్గించుకుని మానాను. ఇప్పుడు బాగానే ఉన్నాను. మళ్ళీ అవసరమైతే మళ్ళీ వేసుకుంటాను. మొన్న మా పిన్ని ఫోను చేసి, "నాకూ మూడింటికే మెలకువ వచ్చేస్తోందే, ఏం చెయ్యను?" అని మెల్లిగా అడిగింది. మాత్ర పేరు చెప్పలేదు. వచ్చే సోమవారం నేనే వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకువెళుతున్నాను.



(ఆకాశవాణి సౌజన్యంతో)