నువ్వుల అచ్చులు, కజ్జికాయలు: ఇంటి తీపికి ఒక కొలత

పుష్యమాసపు చలి ముదిరేసరికి తెలుగువారి వంటయిండ్లలో వేగుచున్న నువ్వుల కమ్మని వాసన గుప్పుమనును. పండుగనాటి సాయంకాలము కోడలు పళ్ళెములో నాలుగు నువ్వుల అచ్చులు తెచ్చి, "మామయ్యగారూ, పంచదార కాదండీ, బెల్లముతోనే చేశాను. మీకు ఫరవాలేదు" అని ఆప్యాయముగా అందించును. పదేండ్లుగా మధుమేహమునకు మాత్రలు వాడుచున్న ఆ పెద్దాయన సంతోషముతో నాలుగింటిని తినివేయును. ఇందు ప్రేమకు లోపము లేదు. తెలిసికొనవలసిన ఒక్క విషయము మాత్రము లోపించినది.

బెల్లముతో చేసిన తీపి మంచి ఆహారమే గాని మందు కాదు. కొలత తెలిసి తిన్న బలము, తెలియక తిన్న భారము. ఈ సత్యమును మనస్సున ఉంచుకొని, ఇంటిల్లిపాదికి పనికివచ్చు కొన్ని తీపి వంటకముల తయారీని, వాని గుణములను, వానిని తినదగిన పరిమాణమును ఈ వ్యాసమున తెలిసికొందము.

బెల్లము మధుమేహమునకు మంచిదా?

బెల్లములోని తీపికి ఆధారము సుక్రోజు. పంచదారలోని తీపికి ఆధారమును అదియే. బెల్లములో కొన్ని ఖనిజ లవణములు, కొంత తేమ అదనముగా ఉండును. అంతమాత్రమున రక్తములోని చక్కెరను పెంచు స్వభావము పోదు. 100 గ్రాముల పంచదార దాదాపు 400 కేలరీల శక్తినిచ్చుచుండగా, 100 గ్రాముల బెల్లము 380 కేలరీలనిచ్చును. తేడా స్వల్పము.

"ఇది నేటి వైద్యుల మాట, మన ఆయుర్వేదము అట్లు చెప్పదు గదా" అని కొందరనవచ్చును. ఆయుర్వేదమును ఇంకను స్పష్టముగా చెప్పినది. చరకసంహిత చికిత్సాస్థానమున ప్రమేహమునకు కారణములను లెక్కించుచు, ఒళ్ళు కదలని సుఖము, అతినిద్ర, పెరుగు, కొత్త ధాన్యము మొదలగు వానితోబాటు బెల్లముతో చేసిన పదార్థములను కూడ పేర్కొన్నారు. కనుక "బెల్లమే గదా" అను ధైర్యమునకు పాత శాస్త్రమునందును, కొత్త శాస్త్రమునందును ఆధారము లేదు.

అట్లని బెల్లమును నిందింపరాదు. ఆరోగ్యవంతునికి అది రుచిని, శక్తిని ఇచ్చు పదార్థము. నిలువయుంచిన పాత బెల్లము హృదయమునకు హితమనియు, పథ్యమనియు, కొత్త బెల్లము కఫమును పెంచి జఠరాగ్నిని మందగింపజేయుననియు వాగ్భటుడు అష్టాంగహృదయమున చెప్పినాడు. తెల్లగా, లేత పసుపుగా మెరయు బెల్లము చూపునకు అందముగా ఉండవచ్చును గాని, ఆ రంగు కొరకు కొన్నిచోట్ల రసాయనములు కలుపుదురు. ముదురు గోధుమరంగు బెల్లమును ఎంచుకొనుట ఉత్తమము.

నువ్వుల గుణములు

నువ్వులు జిడ్డుగుణము, ఉష్ణగుణము కలవి. అరుగుటకు బరువైనవి. వాతమును శమింపజేయును, బలమునిచ్చును, కేశములకు, చర్మమునకు మేలుచేయును. పిత్త కఫములను మాత్రము పెంచును. హేమంత, శిశిర ఋతువులలో జఠరాగ్ని బలముగా ఉండుటచే గురువైన, స్నిగ్ధమైన ఆహారము చక్కగా అరుగునని శాస్త్రము. సంక్రాంతి అరిసెలపై నువ్వులద్దుటలోను, మహారాష్ట్రులు ఆనాడు నువ్వులు బెల్లము పంచుకొనుటలోను ఈ ఋతుధర్మమే కానవచ్చును. నడివేసవిలో అవే అచ్చులను రోజూ తినుట తగదు.

నేటి ఆహారశాస్త్రము ననుసరించి, 100 గ్రాముల నువ్వులలో సగమునకు కొంచెము తక్కువగా నూనె, సుమారు 1000 మిల్లీగ్రాముల కాల్షియము ఉండును. అయితే పొట్టులోని ఆక్సలేటుల వలన ఈ కాల్షియమంతయు దేహమునకు పట్టదు. కనుక పాలు, పెరుగు, ఆకుకూరలు మాని నువ్వులపైననే ఆధారపడరాదు.

పాకము గుట్టు

అచ్చులు కుదరకపోవుటకు నూటికి తొంబదిపాళ్ళు పాకమే కారణము. బెల్లపు నీరు మరుగుచున్నకొద్దీ అందలి నీరు ఆవిరియై పోవును. ఎంత నీరు పోయిన అంత గట్టిదనము వచ్చును. ఒక పళ్ళెములో చన్నీరు పోసి, అందులో నాలుగు బొట్ల పాకము వేసి చూడవలెను. వ్రేళ్ళతో చేర్చగా మెత్తని ఉండ అయినచో అది ఉండపాకము, లడ్డూలవలె ఉండలు చుట్టుటకు సరిపోవును. ఆ ఉండ గట్టిపడి, పళ్ళెమునకు కొట్టినచో ఠంగున మ్రోగి, విరిచినచో పుటుక్కున విరిగినచో అది ముదురుపాకము. అచ్చులకు ఇదియే కావలెను. లేతపాకమున దించినచో అచ్చులు సాగి పండ్లకు అంటుకొనును, తడిగాలికి చెమర్చును. మరీ ముదిరినచో మాడి చేదెక్కును. ఈ రెండింటికి నడుమ ఒక్క నిమిషమే తేడా కనుక, పాకము పొయ్యిమీద ఉన్నంతసేపు అక్కడినుండి కదలరాదు.

1. నువ్వుల అచ్చులు

కావలసిన పదార్థములు: నువ్వులు 200 గ్రాములు, బెల్లము 150 గ్రాములు, నెయ్యి ఒక చెంచా, ఏలకులు 4, శొంఠిపొడి పావు చెంచా.

తయారుచేయు విధానము: నువ్వులను రాళ్ళు, మట్టి లేకుండ బాగుచేసి, మందపాటి మూకుడులో సన్నని సెగపై చిటపటలాడువరకు వేయించి తీయవలెను. బెల్లమును తురిమి, రెండు మూడు పెద్ద చెంచాల నీరు పోసి కరిగించి, పలుచని గుడ్డతో వడకట్టవలెను. చెరకుపిప్పి, ఇసుక ఇట్లు పోవును. వడకట్టిన నీటిని మరల పొయ్యిపై పెట్టి, ముదురుపాకము రాగానే నెయ్యి, ఏలకులపొడి, శొంఠిపొడి, నువ్వులు వేసి త్వరత్వరగా కలిపి దించవలెను. నెయ్యి రాసిన పళ్ళెములోగాని, పీటపైగాని పోసి, నెయ్యి రాసిన అప్పడాల కర్రతో సమముగా ఒత్తి, వేడి ఆరకముందే చాకుతో 28 ముక్కలుగా గాట్లు పెట్టవలెను. చల్లారిన పిదప గాట్ల వెంట విరుచుకొనవచ్చును. శొంఠి జీర్ణమునకు తోడ్పడును, నువ్వుల బరువును కొంత తగ్గించును.

2. వేరుశనగ అచ్చులు

కొన్నిచోట్ల వీనినే పల్లీపట్టి అందురు. వేరుశనగ దక్షిణ అమెరికా ఖండమునుండి మనకు వచ్చిన పంట. కావుననే చరక సుశ్రుతాది ప్రాచీన గ్రంథములలో దీని ప్రస్తావన లేదు. అయినను ఇది మంచి ఆహారము. 100 గ్రాముల గింజలలో దాదాపు 25 గ్రాముల మాంసకృత్తులు ఉండును.

250 గ్రాముల గింజలను దోరగా వేయించి, పొట్టు తీసి, బద్దలుగా చేయవలెను. 175 గ్రాముల బెల్లముతో ముదురుపాకము పట్టి, పై విధముగనే ఒత్తి 30 ముక్కలు చేసికొనవలెను. ఇచట ఒక ముఖ్యమైన హెచ్చరిక. బూజు పట్టిన, ముడుచుకొనిపోయిన, రంగు మారిన, చేదైన గింజలను తప్పక ఏరి పారవేయవలెను. అట్టి బూజునుండి పుట్టు అఫ్లటాక్సిన్ అను విషము కాలేయమునకు హానిచేయును. వేయించినంతమాత్రమున అది పూర్తిగా పోదు. "వేగినచో అన్నియు ఒకటే" అనుకొనరాదు.

3. కజ్జికాయలు

తెలంగాణమున వీనిని గరిజెలు అందురు. పూర్ణమును పిండి పొరలో మూసి చేయు ఈ వంటకము పిల్లలకు మిక్కిలి ప్రీతికరము.

పైపొరకు: గోధుమపిండి 200 గ్రాములు, బొంబాయి రవ్వ 50 గ్రాములు, కాచిన నెయ్యి రెండు పెద్ద చెంచాలు, చిటికెడు ఉప్పు.

పూర్ణమునకు: పుట్నాలపప్పు 75 గ్రాములు, వేయించిన నువ్వులు 50 గ్రాములు, ఎండుకొబ్బరి తురుము 50 గ్రాములు, బెల్లము 100 గ్రాములు, ఏలకులు 4.

తయారుచేయు విధానము: పిండిలో వేడి నెయ్యి పోసి కలిపి, తగినంత నీటితో గట్టిగా తడిపి, తడిగుడ్డ కప్పి అరగంట నాననీయవలెను. పూర్ణపు వస్తువులను పొడిచేసి కలుపుకొనవలెను. పిండిని 20 ఉండలుగా చేసి, పలుచగా ఒత్తి, నడుమ పూర్ణముంచి, అంచులకు నీటితడి రాసి, అర్ధచంద్రాకారముగా మడిచి గట్టిగా నొక్కవలెను. అంచు ఏమాత్రము విడినను పూర్ణము నూనెలో పడి మాడును, నూనె అంతయు పాడగును. మధ్యస్థమైన సెగపై నిదానముగా వేయించవలెను. సెగ ఎక్కువైనచో పైన ఎర్రబడి లోన పచ్చిగా ఉండును. నల్లబడిన, పొగలెత్తిన నూనెను మరల వాడరాదు.

నూనె పనికిరానివారికి ఉపాయము కలదు. ఒకటింబావు గ్లాసు నీటిని చిటికెడు ఉప్పు, చెంచాడు నూనె వేసి మరిగించి, గ్లాసు బియ్యపుపిండి పోసి కలిపి మూతపెట్టవలెను. కొంత చల్లారిన పిదప మెదిపి, ఆ ముద్దతో చిన్నచిన్న దొప్పలు చేసి, ఇదే పూర్ణముంచి మూసి, పది పన్నెండు నిమిషములు ఆవిరిపై ఉడికించవలెను. ఇవి వినాయకచవితి కుడుములకు తోబుట్టువులు. నూనె భారము తగ్గును గాని బెల్లము తగ్గదని మరువరాదు. వీనిని ఆనాడే తినివేయవలెను.

ఎంత తినవలెను?

గురువైన పదార్థములను సగము తృప్తి కలుగునంతవరకే తినవలెనని వాగ్భటుడు నియమము చెప్పినాడు. ఈ నియమమును నేటి లెక్కతో సరిచూతము. పైన చెప్పిన ఒక్కొక్క నువ్వుల అచ్చులో 5 గ్రాములకు కొంచెము పైగా బెల్లము, సుమారు 60 కేలరీలు ఉండును. నూనెలో వేగిన కజ్జికాయ ఒకటి దాదాపు 150 కేలరీలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించిన సూచనల ప్రకారము, ఆహారమునకు మనము చేర్చుకొను చక్కెరలు, అనగా బెల్లము, తేనె కూడ కలిపి, రోజు మొత్తపు శక్తిలో పదవవంతునకు మించరాదు. 2000 కేలరీల ఆహారము తినువారికి ఇది 50 గ్రాములు. ఇందులో సగమునకు, అనగా 25 గ్రాములకు, తగ్గించుకొనుట ఇంకను మేలు.

రోజుకు రెండు కప్పుల కాఫీ, కప్పునకు రెండు చెంచాల పంచదార చొప్పున త్రాగువారు అప్పటికే సుమారు 20 గ్రాములు పుచ్చుకొన్నట్లు. దానిపై నాలుగు అచ్చులు తిన్నచో మరి 20 గ్రాములకు పైగా చేరును. కావున ఆరోగ్యవంతులైన పెద్దలు రోజునకు రెండు అచ్చులు గాని, ఒక కజ్జికాయ గాని తిని, ఆనాడు కాఫీలో పంచదార తగ్గించుకొనుట యుక్తము.

ఎవరు జాగ్రత్తపడవలెను?

మధుమేహ రోగులు: బెల్లపు తీపిని పంచదార తీపిగనే లెక్కించవలెను. పండుగనాడు ఒక ముక్క తినగోరినచో వైద్యుని సలహాతో, భోజనములోని అన్నము కొంత తగ్గించుకొని తినవలెను. వీరికై బెల్లము లేకుండ వేయించిన నువ్వులు, వేరుశనగలు పిడికెడు విడిగా తీసియుంచుట కోడలు చేయదగిన నిజమైన ఆదరణ. మందుల వలన చక్కెర పడిపోయి చెమటలు, వణుకు వచ్చినపుడు మాత్రము అచ్చు ముక్క పెట్టరాదు. అందలి నూనె తీపిని త్వరగా రక్తములో చేరనీయదు. అట్టి సమయమున, రోగి స్పృహలో ఉన్నచో, గ్లూకోజు గాని పంచదార నీరు గాని ఇచ్చి, వెంటనే వైద్యుని సంప్రదించవలెను.

రక్తహీనత కలవారు: బెల్లమందలి ఇనుము పాళ్ళు దానిని వండిన విధమును బట్టి మారును. రక్తహీనతను అచ్చులతో నయముచేయబూనుట కాలహరణము. పరీక్ష చేయించి మందు వాడవలెను. ఆహారముతోబాటు ఉసిరి, నిమ్మ, జామ తీసికొన్నచో ఇనుము బాగుగా పట్టును. తిన్న వెంటనే త్రాగు టీ, కాఫీ దానిని అడ్డగించును.

చిన్నపిల్లలు: ఐదేండ్లలోపు వారికి గట్టి అచ్చులు, గింజలు పెట్టినచో గొంతున అడ్డుపడు ప్రమాదము కలదు. వారికి నువ్వులు, పల్లీలు మెత్తగా దంచి కొద్ది బెల్లముతో చిన్న ఉండ చేసి పెట్టవలెను. తిన్న పిదప నోరు పుక్కిలింపజేయవలెను. దద్దురులు, ఆయాసము వంటివి ఒకమారు కనిపించినచో ఆ గింజను పూర్తిగా మాన్పించి వైద్యునికి చూపవలెను.

నిలువ చేయు విధము

అచ్చులు పూర్తిగా చల్లారిన పిదపనే, తడిలేని స్టీలు డబ్బాలో గట్టి మూతపెట్టి దాచవలెను. మూడు వారములు, కజ్జికాయలు పది రోజులు బాగుండును. ముక్కిపోయిన వాసన వచ్చినచో పారవేయవలెనే గాని పనిమనిషికో, పిల్లలకో పెట్టరాదు.

పండుగనాడు పళ్ళెము పట్టుకొని వచ్చిన కోడలు ఈమారు, "మామయ్యగారూ, మీకు ఒక్కటే. మిగిలినది వేయించిన పల్లీలు" అన్నచో, ఆయన ముఖము కొంచెము చిన్నబోవచ్చును. కాని మరుసటి సంక్రాంతికి కూడ ఆయన అదే పీటపై కూర్చుండి, అదే వాసన పీల్చి, "నువ్వులు వేగినవా అమ్మా?" అని అడుగవలెనన్న కోరికతోనే గదా ఆమె ఆ కొలత పాటించినది!