ఒకే లెక్క, నాలుగు కంప్యూటర్లు

ఒక హోల్‌సేల్ మందుల దుకాణంలో నాలుగు కంప్యూటర్లు ఉన్నాయనుకుందాం. ఒకరు బిల్లులు కొడతారు, ఒకరు సరుకు ఎక్కిస్తారు, మరొకరు బాకీలు చూస్తారు. అందరికీ కావలసింది ఒకే లెక్క. ఇలాంటి చోట్ల 1992లో వచ్చిన డేటాబేస్ ప్రోగ్రాం మైక్రోసాఫ్ట్ యాక్సెస్ నేటికీ అక్కరకొస్తోంది.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మొత్తం యాక్సెస్ ఫైలును షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి, అందరూ దాన్నే తెరుస్తారు. దాంతో పని నెమ్మదిస్తుంది, ఫైలు పాడయ్యే ముప్పూ పెరుగుతుంది.

అందుకే ఫైలును రెండుగా విడదీయాలి. దానికి యాక్సెస్‌లోనే డేటాబేస్ స్ప్లిటర్ అనే సాధనం ఉంది. పట్టికలుండే బ్యాక్ ఎండ్ షేర్డ్ ఫోల్డర్‌లో ఉంటుంది. ఫారాలు, క్వెరీలు, రిపోర్టులుండే ఫ్రంట్ ఎండ్‌ను ప్రతి కంప్యూటర్‌లో విడి కాపీగా పెట్టాలి. షేర్డ్ ఫోల్డర్‌లో చదవడం, రాయడంతో పాటు ఫైళ్లు సృష్టించే, తొలగించే అనుమతి కూడా అందరికీ ఇవ్వాలి. ఎందుకంటే ఒకరు మారుస్తున్న రికార్డు మీద మరొకరు చెయ్యి వేయకుండా చూసే లాక్ ఫైలు అక్కడే పుడుతుంది. చివరి వ్యక్తి బయటికి రాగానే అది మాయమవుతుంది.

కంప్యూటర్లను వైఫైతో కాక కేబుల్‌తో కలపడం మేలు. రాస్తుండగా సిగ్నల్ తెగితే డేటా చెడిపోవచ్చు.

యాక్సెస్‌కు హద్దులున్నాయి. ఫైలు 2 జీబీ దాటకూడదు, ఏకకాలంలో 255 మందికి మించి వాడలేరు. డేటా బాగా పెరిగితే పట్టికలను ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు మార్చి, పాత ఫారాలనే కొనసాగించవచ్చు.

రోజూ దుకాణం కట్టేసే ముందు, అందరూ ప్రోగ్రాం మూసేశాక, బ్యాక్ ఎండ్‌ను మరో డిస్కులోకి కాపీ చేయడం మాత్రం మరవకండి.