నాబాలు గుండె నేర్పే పాఠం

చలికాలం వచ్చిందంటే విశాఖపట్నం, విజయనగరం సంఘాల వారు వనభోజనాలకనో, యవ్వనస్థుల కూడికలకనో అరకు లోయకు బయలుదేరుతారు. 58 సొరంగాలున్న కొత్తవలస-కిరండోల్ రైలుమార్గంలో ప్రయాణం, పచ్చని కొండలు, చల్లని గాలి. టెన్షన్లన్నీ కిందే వదిలేసి వచ్చామని అనుకుంటారు. కానీ రైల్లో సీటు కోసం పేచీ, భోజనం ఆలస్యమైందని విసుగు, పాత పగతో పలకరించుకోని ఇద్దరు పెద్దలు... ఇవన్నీ కూడా వెంటే కొండెక్కుతాయి. ఊరు మారితే సరిపోదు, మనసు మారాలి.

మనసుకూ గుండెకూ ఉన్న సంబంధం గురించి వైద్యులు చాలాకాలంగా పరిశోధిస్తున్నారు. 1950లలో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో మేయర్ ఫ్రైడ్‌మన్, రే రోసెన్‌మన్ అనే ఇద్దరు గుండె వైద్యులు ఉండేవారు. వారి ఆసుపత్రిలో రోగులు కూర్చునే కుర్చీలు ముందు అంచుల్లోనే అరిగిపోయాయట. ఆ రోగులు వెనక్కి వాలి కూర్చోలేని మనుషులు! ఎప్పుడూ తొందర, పోటీ, చిరాకు ఉండే ఇలాంటి తీరుకు ఆ వైద్యులు ‘టైప్-ఏ’ అని పేరు పెట్టారు. మూడు వేలమందికి పైగా పురుషులను ఎనిమిదిన్నరేళ్లు గమనించి, ఈ తీరువారికి గుండెజబ్బు ముప్పు సుమారు రెండింతలని చెప్పారు. తర్వాతి పరిశోధనలు కొన్ని దీన్ని సమర్థించలేదు. సిగరెట్ కంపెనీలు ఈ పరిశోధనలకు డబ్బిచ్చాయన్న సంగతి కూడా ఆలస్యంగా బయటపడింది. పొగాకు మీది నింద మనిషి స్వభావం మీదికి పోతే వారికి లాభమే కదా!

అయితే ఒక్క మాట మాత్రం నిలబడింది. కష్టపడి పనిచేయడం కాదు, లోపల దాచుకున్న కోపం, ద్వేషం, అనుమానం గుండెకు చేటు. కోపం వచ్చినప్పుడు గుండె వేగం, రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతాయి. రక్తనాళాలు బిగుసుకుంటాయి. రక్తం త్వరగా గడ్డకట్టే స్థితికి వస్తుంది. అప్పటికే కొవ్వు పేరుకున్న నాళంలో ఆ పొర చిట్లితే గుండెపోటే. 2004లో వెలువడిన ‘ఇంటర్‌హార్ట్’ అధ్యయనం 52 దేశాల్లో జరిగింది. పొగతాగడం, షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ వంటి ముఖ్య కారణాలతోపాటు మానసిక ఒత్తిడిని కూడా అది చేర్చింది. మన దక్షిణాసియా వారికి గుండెపోటు మిగతావారికంటే చిన్న వయసులోనే వస్తోందని కూడా అది తేల్చింది.

బైబిలులో నాబాలును చూడండి (1 సమూ. 25). మూడువేల గొర్రెలు, వెయ్యి మేకలున్న ధనవంతుడు. ఎవరూ ఎదురుగా నిలబడి మాట్లాడలేనంత మొరటువాడని అతని పనివాడే చెప్పాడు. తన మందలను కాపాడిన దావీదు మనుషులనే అవమానించి పంపేశాడు. మరునాడు భార్య అబీగయీలు జరిగిందంతా చెప్పగానే అతని గుండె పగిలి, రాయిలా బిగుసుకుపోయాడు. పది రోజులకు చనిపోయాడు. అది ఏ జబ్బో వాక్యం చెప్పలేదు, దేవుని తీర్పని మాత్రం చెప్పింది. అదే అధ్యాయంలో కోపంతో ఊగిపోయిన మరో మనిషి ఉన్నాడు. నాలుగువందల మందితో కత్తి కట్టుకుని బయలుదేరిన దావీదు! కానీ అతడు దారిలో ఆగాడు, ఒక స్త్రీ మాట విన్నాడు, తనను ఆపిన దేవుణ్ని స్తుతించాడు. కోపం ఇద్దరికీ ఉంది. ఆగడం ఒక్కరికే తెలిసింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. గుండెపోటు వచ్చిన ప్రతివారూ నాబాలు కారు. ఆసుపత్రి మంచం మీదున్న సహోదరుని దగ్గర నిలబడి, విశ్వాసం తక్కువైందనో, పాపముందనో అనడం క్రూరత్వం. పుట్టు గుడ్డివాణ్ని చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే ప్రభువు ఆ ప్రశ్ననే తోసిపుచ్చాడు (యోహాను 9). సాత్వికులకు కూడా గుండెజబ్బు వస్తుంది.

ఇది పట్నం జబ్బు, కొండ మీదివారికి రాదనుకోవడం కూడా పొరపాటే. సంతలో గిట్టని ధర, షావుకారు అప్పు, పిల్లల చదువు బెంగ అక్కడా ఉన్నాయి. చుట్ట, అడ్డపొగ, సారా కూడా ఉన్నాయి. పైగా అరకు నుంచి విశాఖ పెద్దాసుపత్రులకు ఘాట్ రోడ్డులో వంద కిలోమీటర్లకు పైనే. రోడ్డులేని గూడెం నుంచైతే ముందు డోలీ మోయాలి. గుండెపోటులో ప్రతి నిమిషం విలువైనది. అందుకే ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం వస్తే గ్యాస్ అని సోడా తాగి కూర్చోవద్దు. ప్రార్థన చేస్తూనే 108కు ఫోన్ చేయండి. బీపీ, షుగరు మాత్రలు విశ్వాసం పేరుతో మానవద్దు. ఆ కొండల్లో సేవచేసే కాపరులు తమ సంఘంలో ఈ మాట చెప్పగలిగితే అది కూడా పరిచర్యే.

అరకు కాఫీతోటలు చూసినవారికి తెలుసు. ఆ మొక్క ఎండలో కాక, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో పెరుగుతుంది. మూడు నాలుగేళ్లకు గాని కాపుకు రాదు. ఒకే కొమ్మకున్న కాయలన్నీ ఒకేసారి పండవు. పండినవే ఏరుకుని, మిగతావాటికోసం మళ్లీ రావాలి. తొందరపడి దూసేస్తే రుచి పోతుంది.

మనకూ నీడ కావాలి. తినడానికైనా తీరికలేని శిష్యులను ప్రభువు ఏకాంతంగా వచ్చి కాస్త విశ్రమించమన్నాడు (మార్కు 6:31). పొద్దుగూకేలోగా కోపం విడిచిపెట్టమని పౌలు రాశాడు (ఎఫెసీ 4:26). శాంతమైన మనసు దేహానికి జీవమని సొలొమోను చెప్పాడు (సామె. 14:30). ఈ ఆదివారం బల్లకు చేరకముందు, ఎవరితో మాటలు మానేశారో వారి దగ్గరకు మీరే ముందు వెళ్లండి. రాతిగుండె తీసి మాంసపు గుండెనిస్తానన్న దేవుడు (యెహె. 36:26) ఆ రెండడుగులు వేసే బలం కూడా ఇస్తాడు.