నష్టపరిహారం ఎవరి ఖాతాలో పడుతోంది?

తుపాను వెలిశాక ఊరూరా పంట నష్టం జాబితా తయారవుతుంది. అందులో సాగుదారు పేరు ఉందా, పట్టాదారు పేరు ఉందా అన్నదే అసలు ప్రశ్న.

2022–26 కేంద్ర విపత్తు సహాయ నిబంధనల ప్రకారం పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటేనే సాయం. హెక్టారుకు వర్షాధార పంటకు రూ.8,500, నీటి వసతి ఉన్న పంటకు రూ.17,000, బహువార్షిక తోటలకు రూ.22,500. రైతుకు రెండు హెక్టార్ల వరకే.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ సాయం అందాలంటే పంట ఈ-క్రాప్‌లో నమోదు కావాలి. కౌలు రైతుకు సాగుదారు హక్కు పత్రమూ ఉండాలి. 2011 చట్టం కింద రుణ అర్హత కార్డుకు భూయజమాని సంతకం అక్కర్లేకపోయేది. 2019 చట్టం 11 నెలల ఒప్పందంపై ఆ సంతకాన్ని తప్పనిసరి చేసింది. భూమి చేజారుతుందన్న భయంతో యజమానులు సంతకం పెట్టరు. భూమిలేని దళిత కౌలుదారుకు పెట్టుబడి, అప్పు మిగులుతాయి. పరిహారం పట్టాదారుకు పోతుంది.

కడియం నర్సరీల్లో చిక్కు ఇంకొకటి. లెక్కంతా విస్తీర్ణం మీదే. నీట మునిగిన మొక్కలెన్నో, వాటి ధరెంతో అందులోకి రాదు. సంచుల్లో మట్టి నింపి, అంట్లు కట్టే కూలీలు పోగొట్టుకున్న పనిదినాలకు పంట సాయంలో పద్దే లేదు.

అందుకే రెండు డిమాండ్లు: యజమాని సంతకంతో పనిలేకుండా గ్రామసభ ధ్రువీకరణతో సాగుదారుకే పరిహారం, పోయిన కూలికీ సాయం. జాబితాను రైతు సేవా కేంద్రంలో పెట్టినప్పుడే చదవండి. గడువులోపు అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.