కత్తి దూరంలో కులం

మీర్‌పేట్‌లో మా గల్లీ పిల్లలు టీవీలో యుద్ధం సినిమా చూస్తూ ఓ సాయంత్రం అడిగిన్రు: "అన్నా, అంత దగ్గర నిలబడి పొడుచుకుంటుంటే భయం గాదా?" సినిమా దీనికి జవాబు చెప్పదు. శౌర్యం క్షత్రియుల నెత్తుర్లోనే ఉంటదన్న పాత పాటే పాడుతది. కాబట్టి ఈ ప్రశ్నను మనవైపు నుంచి చూడాలె.

కత్తి, బల్లెం యుద్ధాల్లో చంపేవాడికి చచ్చేవాడి ముఖం కనిపించేది, ఊపిరి తగిలేది. ఆ దూరంలో భయపడని మనిషి లేడు. 19వ శతాబ్దపు ఫ్రెంచి సైనికాధికారి అర్దా దు పిక్ ప్రాచీన యుద్ధాలను పరిశీలించి రెండు సంగతులు చెప్పాడు. ఎదురెదురుగా నిలిచినంతసేపు చచ్చేవాళ్లు తక్కువ. ఒక పక్షం వెన్ను చూపాకే ఊచకోత మొదలవుతుంది. రెండోది, మనిషిని నిలబెట్టేది ఒంటరి ధైర్యం కాదు, పక్కవాడు తనను వదిలిపోడనే నమ్మకం.

మొదటి సంగతికి సాక్ష్యం 1565 జనవరి 23 నాటి తళ్లికోట యుద్ధం. గోల్కొండతో సహా దక్కన్ సుల్తానుల సేనలు ఒకవైపు, విజయనగర సేన మరోవైపు. రామరాయలు పట్టుబడ్డాడు. ఆయన తలను బల్లెం మీద ఎత్తి చూపగానే విజయనగర సేన చెదిరింది. పారిపోయేవాళ్లను తరిమి నరికారు. ఒక్క తల మీద నిలబడ్డ అంత పెద్ద సేన, ఆ తల పోగానే కూలింది.

రెండో సంగతిని పల్నాటి వీరగాథ చెబుతుంది. ఇది 12వ శతాబ్దపు కారంపూడి పోరు. మాల కన్నమదాసును బ్రహ్మనాయుడు కొడుకుగా చూసుకున్నాడు, సేనను అప్పగించాడు. అన్ని కులాల వీరులను కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడు. పండితులు దీన్ని సంఘ సంస్కరణ అంటారు. కావచ్చు. కాని రణరంగం లెక్క వేరు. తాకితే మైల అనుకున్న మనిషి భుజానికి భుజం ఆనించి డాలు ఎట్ల పడతవు? కత్తి దూరంలో అంటరానితనం పాటిస్తే ప్రాణమే పోతది.

మరి చావు ముందు పరిచిన చాప, బతుకులో ఊరికీ వాడకూ నడుమ ఎందుకు పరవలేదు? కారంపూడిలో నేటికీ కార్తీకమాసపు వీరుల ఉత్సవాల్లో చాపకూడు జరుగుతుంది. ఈ గాథను తరతరాలుగా నోట మోసుకొచ్చినవాళ్లలో మాల గాయకులూ ఉన్నారు. ఉత్సవం ముగిసిన తెల్లారి ఆ గాయకుడు ఎవరి పంక్తిలో కూర్చుంటాడన్నదే అసలు ప్రశ్న.

పిల్లలకు నేను చెప్పింది ఇంతే: భయం అందరికీ ఉంటది. ధైర్యం పుట్టుకతో రాదు, పక్కన నిలబడే మనిషితో వస్తది. ఆ మనిషిని యుద్ధం రోజే గుర్తించే సమాజం వీరులను పూజిస్తది గాని, మనుషులను గౌరవించదు.