కొనుగోలుదారుల మాట - చిరువర్తకుల పేరు

హైదరాబాదునకు పడమరగా సుమారు 100 కిలోమీటర్ల దూరమున, 65వ జాతీయ రహదారిపై జహీరాబాదు పట్టణము కలదు. 2016వ సంవత్సరమున మెదకు జిల్లా నుండి సంగారెడ్డి జిల్లాలో చేరిన ఈ పట్టణము అల్లము, బంగాళాదుంప, చెరకు పంటలకు పేరొందినది. ఈ మార్గమున పగలనక రాత్రియనక వాహనములు సాగుచుండును. వానిలో పయనించువారికి ఇచ్చటి హోటలు యజమాని ఎవరో తెలియదు. యజమానికి వారెవరో తెలియదు. పూర్వము లారీ డ్రైవర్లు ఒకరికొకరు చెప్పుకొను మాటను బట్టి ఏ హోటలులో భోజనము బాగుండునో తెలియుచుండెడిది. నేడు ఆ మాట సెల్‌ఫోనులోనికి ఎక్కినది. ప్రయాణికుడు వాహనమును ఆపుటకు ముందే గూగుల్ పటమును తెరచి, లోగడ వచ్చినవారు వ్రాసిన అభిప్రాయములను చదివి, ఎచ్చట దిగవలెనో నిశ్చయించుకొనుచున్నాడు.

ఈ అభిప్రాయములతో పాటు 1 మొదలు 5 వరకు నక్షత్రములను ఇచ్చు పద్ధతి కలదు. అందరిచ్చిన నక్షత్రముల సగటు దుకాణము పేరు ప్రక్కన కనబడును. ఇచ్చట ఒక చిన్న లెక్క గమనింపదగినది. ఒక దుకాణమునకు 9 మంది 5 నక్షత్రముల చొప్పున ఇచ్చి, ఒక్కరు 1 నక్షత్రమే ఇచ్చినచో సగటు 4.6కు దిగును. అదే 99 మంది 5 చొప్పున ఇచ్చిన పిమ్మట ఒక్కరు 1 ఇచ్చినచో సగటు 4.96గా నిలుచును. కాబట్టి ఒక్కని కోపము పెద్ద వ్యాపారమును కదలింపజాలదు గాని, చిన్న దుకాణమును కుంగదీయగలదు. చిరువర్తకునకు కలుగు భయము ఇందువలననే.

ఈ భయముచే కొందరు అడ్డదారి త్రొక్కుదురు. తమ బంధువులచేతను, పనివారిచేతను పొగడ్తలు వ్రాయించుట, డబ్బిచ్చి నక్షత్రములను కొనుట అట్టివి. ఇది ఏల తగదో జహీరాబాదు ప్రాంతపు స్త్రీలకు వేరుగ చెప్పనక్కరలేదు. 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘములవారు రసాయనములు లేకుండ జొన్న, కొర్ర మొదలగు పంటలను పండించి ప్రసిద్ధి గాంచిరి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటర్ బహుమతిని పొందిరి. పంటకు పూచీ ఇచ్చుటకు ఈ సొసైటీ అనుసరించిన భాగస్వామ్య హామీ పద్ధతిలో ఒక రైతు పొలమును తోడి రైతులు తనిఖీ చేయుదురు. తన పంటకు తానే సాక్ష్యము చెప్పుకొన్నచో ఆ సాక్ష్యమునకు విలువ యుండదు గదా! దుకాణము విషయమునను న్యాయము ఇదియే.

శాసనమును ఈ విషయమున స్పష్టముగ నున్నది. 2020వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమముల ప్రకారము, ఈ-కామర్స్ వేదికలపై సరకులమ్మువారు తామే వినియోగదారులమని నటించి అభిప్రాయములు వ్రాయరాదు. 2022 నవంబరులో భారత ప్రమాణముల సంస్థవారు ఇట్టి అభిప్రాయముల సేకరణకును, ప్రచురణకును ఐ.ఎస్. 19000 అను ప్రమాణమును వెలువరించిరి. గూగుల్ సంస్థ నియమములును బహుమానమో, తగ్గింపు ధరయో చూపి పొగడ్తలు వ్రాయించుటను నిషేధించుచున్నవి.

మరి వర్తకుడు చేయవలసిన దేమి? మొదట, గూగుల్ పటములో తన దుకాణమును తన పేర నమోదు చేసికొనవలెను. ఇందుకు రుసుము లేదు. దుకాణము తెరచు వేళలు, ఫోను నంబరు సరిగా నుండునట్లు చూడవలెను. పండుగనాడు తలుపులు మూసియుండగా తెరచియున్నట్లు పటములో కనబడినచో, దూరము నుండి వచ్చినవాడు కోపగించుట సహజము.

రెండవది, వచ్చినవారందరిని అభిప్రాయము వ్రాయుమని మర్యాదగా అడుగవచ్చును. సంతోషించినవారిని మాత్రమే ఏరి అడుగుట నియమవిరుద్ధము. అభిప్రాయములు పెరిగినకొలది ఒక్కని మాట బరువు తగ్గునని పై లెక్కయే చెప్పుచున్నది.

మూడవది, నిందకు వెంటనే బదులు వ్రాయరాదు. కోపము చల్లారిన పిమ్మట, ఒకటి రెండు దినములలో వ్రాయవలెను. ఉదాహరణకు ఇట్లు వ్రాయవచ్చును: “అయ్యా, మా హోటలుకు వచ్చినందులకు కృతజ్ఞతలు. ఆనాడు భోజనము ఆలస్యమగుట మా లోపమే. మధ్యాహ్నపు వేళ వడ్డనకు మరియొకరిని నియమించితిమి. మరల దయచేయగలరు.” తప్పును ఒప్పుకొని, దిద్దిన విధమును తెలుపుట ఇందలి సారము. దిద్దకయే దిద్దితిమని వ్రాసినచో రెండవ నింద తప్పదు. ఈ జవాబును నిందించినవాడొక్కడే గాక, రేపు రాబోవు వందలమంది చదువుదురు. వాదమునకు దిగి, వచ్చినవాని స్వంత విషయములను బయటపెట్టిన వర్తకుడు తన పేరును తానే చెరుపుకొనును.

నాల్గవది, దుకాణమునకు రానివారు పగచేత వ్రాసిన అసత్యములును కొన్ని యుండును. అట్టివానిపై గూగుల్‌కు అక్కడనే ఫిర్యాదు చేయు వీలున్నది. అయితే అవి నియమవిరుద్ధములైనప్పుడే తొలగింపబడును. మనకు నచ్చకపోవుట చాలిన కారణము కాదు. “డబ్బిచ్చినచో నిందను తీసివేయింతుము” అని ఫోనులో చెప్పువారిని నమ్మరాదు. వారికి సొమ్ము గాని, ఫోనుకు వచ్చు రహస్య సంఖ్యను గాని ఇచ్చినచో మోసపోవుట నిశ్చయము.

నెలకొకసారి అభిప్రాయములన్నింటిని కూర్చుండి చదువుట మేలు. ఒక్కడే చారు చప్పగా నున్నదనినచో అది అతని రుచి కావచ్చును. ఐదుగురు మరుగుదొడ్డి శుభ్రముగ లేదనినచో చూడవలసినది నక్షత్రములను కాదు, మరుగుదొడ్డిని. ఎవరును చెప్పక వెడలిపోయిన కొనుగోలుదారుని వలన వర్తకుడు నేర్చుకొనునది లేదు. నొచ్చుకొనియైనను చెప్పినవాడు వ్యాపారమునకు హితుడే. అతని మాటను దాచుటకు పడు శ్రమలో సగము శ్రమ లోపమును దిద్దుటకు పడినచో, రహదారిపై పోవు బండి మన ముంగిట ఆగకపోదు.