సంక్రాంతి భోజనం – తీరిక అనే పథ్యం

సంక్రాంతి వెళ్లిన వారం రోజులలో నా వైద్యశాలకు వచ్చేవారిని ప్రతి సంవత్సరమూ రెండు రకాలుగా చూస్తుంటాను. అరిసెలు, గారెలు మితిమీరి భుజించి కడుపు ఉబ్బరంతో, పుల్లని త్రేన్పులతో వచ్చేవారు మొదటి రకం. తమ బాధకు కారణం వారికే తెలుసు. కొందరు నవ్వుతూనే చెబుతారు. రెండవ రకం వారు గృహిణులు. వారిదీ అజీర్ణమే. కాని "పండుగలో ఏమి తిన్నారమ్మా?" అని అడిగితే, "నేనేం తిన్నానండీ, అందరికీ వండి పెట్టేసరికే సరిపోయింది" అంటారు. ఎక్కువ తిన్నవారికి అజీర్ణం కలగడంలో వింత లేదు. తిననివారికి కూడ అది ఎందుకు కలగాలి? ఈ ప్రశ్నకు సమాధానం గ్రంథాలలో నేను ఎన్నడో చదివి ఉన్నాను. అయితే అది నాకు అర్థమైనది మా ఇంట్లోనే, 2017 సంక్రాంతికి.

ముందుగా పండుగ వంటకాలను గురించి ఒక అపోహను తొలగించాలి. పిండివంటలు ఆరోగ్యానికి చెరుపు అని ఈనాడు చాలామంది భావిస్తున్నారు. ఆయుర్వేదం అలా చెప్పలేదు. వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలో ఋతుచర్యను వివరిస్తూ, హేమంత ఋతువులో బయటి చలి వలన జఠరాగ్ని లోపలే నిరోధింపబడి బలం పుంజుకొంటుందనీ, దానికి తగిన ఆహారం అందకపోతే అది శరీర ధాతువులనే పచనం చేస్తుందనీ అంటారు. ఆ ఋతువుకు ఆయన విధించిన పదార్థాలలో కొత్తబియ్యపు అన్నం, పిండితో చేసిన భక్ష్యాలు, మినుములు, చెరకు నుండి వచ్చినవి, పాల నుండి వచ్చినవి, నూనె ఉన్నాయి. ఈ వరుస చదివిన తెలుగువారికి ఏమి గుర్తుకు రావాలి? కొత్తబియ్యపు పిండి, బెల్లం, నువ్వులు కలిస్తే అరిసె. మినుములతో కనుమనాటి గారె. కొత్తబియ్యానికి పాలు, బెల్లం చేరితే పొంగలి. మన పెద్దలు ఋతువును చూసే వంట నిర్ణయించారు.

పదార్థం మంచిదే గనుక ఎంతైనా తినవచ్చునని దీని అర్థం కాదు. గురువైన పదార్థాలను, అనగా జీర్ణం కావడానికి ఎక్కువ సమయం పట్టేవాటిని, తృప్తిలో మూడవ వంతు, లేదా సగం వరకే తీసుకోవాలని చరకుడు హద్దు విధించాడు. కడుపును నాలుగు భాగాలుగా భావించి రెండు భాగాలు అన్నానికి, ఒక భాగం ద్రవానికి ఇచ్చి, నాలుగవ భాగాన్ని వాయు సంచారానికి ఖాళీగా విడవమని వాగ్భటుని మాట. ఇది తొందరలో సాధ్యమయ్యే పని కాదు. కడుపు నిండిన సంగతి మెదడుకు చేరడానికి సుమారు 20 నిమిషాలు పడుతుందని ఆధునిక వైద్యులు కూడ చెబుతున్నారు. పది నిమిషాలలో భోజనం ముగించి లేచేవాడికి ఆ హెచ్చరిక అందేసరికి అయిదవ గారె కూడ లోపలికి వెళ్లిపోయి ఉంటుంది.

ఇక గృహిణి సంగతి. చరకసంహిత విమానస్థానంలో ఒక విషయం ఉంది. పథ్యమైన అన్నాన్ని తగిన మోతాదులో తిన్నప్పటికీ చింత, శోకం, భయం, క్రోధం, సరిగా లేని పడక, నిద్ర లేమి అనేవి ఉంటే అది జీర్ణం కాదు. సూత్రస్థానంలో మరొక చోట, ఆపరాని పదమూడు వేగాలను చెబుతూ ఆకలిని, దప్పికను, నిద్రను కూడ అందులో చేర్చాడు. ఆకలిని ఆపుకొంటే బలహీనత, ఒళ్లు నొప్పులు, అరుచి, తల తిరగడం కలుగుతాయట. పండుగ మూడు రోజులూ తెల్లవారుజామున మూడింటికే లేచి, పొయ్యి ముందు నిలబడి, ఆకలిని కాఫీతో అణచి, అందరూ తిన్న తరువాత సాయంత్రం నాలుగు గంటలకు చల్లారిన అన్నం తినే ఇల్లాలికి ఈ లక్షణాలలో ఏది తప్పుతుంది?

2017లో సంక్రాంతి శనివారం వచ్చింది. శుక్రవారం భోగి, ఆదివారం కనుమ. మా అబ్బాయిలిద్దరూ హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నారు. సోమవారం ఉదయానికి వారు కార్యాలయాలలో ఉండాలి. భోగినాడు పొద్దుపోయి వచ్చారు. కనుమనాటి సాయంత్రమే బండికి బయలుదేరారు. "కనుమనాడు కాకి అయినా కదలదు" అని మా అమ్మగారు బ్రతికి ఉన్నంతకాలం ఎవరినీ కదలనిచ్చేవారు కాదు. మేము ఆ నియమాన్ని మూఢనమ్మకంగా భావించి ఏనాడో వదిలివేశాము. ఆ రెండు రోజులలోనే ఏడు రకాల పిండివంటలు, రెండు పూటలా విందులు, మధ్యలో బంధువుల రాకపోకలు. పిల్లలు వెళ్లేటప్పుడు ఒక్కొక్కరికి రెండేసి డబ్బాలు సర్ది ఇచ్చి, గుమ్మం దాకా సాగనంపి, వెనుకకు తిరిగిన నా భార్య వంటింటి గడప వద్ద కూలిపోయింది.

నాడి పట్టి చూశాను. మందంగా ఉంది. చేతులు చల్లబడ్డాయి. ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొని వెళ్లాము. రక్తపోటు బాగా పడిపోయిందనీ, ఒంట్లో నీరు తగ్గిందనీ చెప్పి సెలైను ఎక్కించారు. రాత్రికి తేరుకొన్నది. ఆమె ఆరోజు ఉదయం నుండి రెండు కాఫీలు తప్ప ఏమీ పుచ్చుకోలేదని అప్పుడు తెలిసింది. ముప్పయ్యేళ్లుగా "వేళకు భోజనం చేయండి" అని ఊరందరికీ చెబుతూ వచ్చిన నాకు, ఒకే కప్పు కింద ఉన్న మనిషి తినలేదన్న సంగతి తెలియలేదు. నేను మాత్రం రెండు పూటలా ఆమె వడ్డించిన అన్నమే తిన్నాను. మందలించబోయిన నాతో ఆమె ఒక్క మాట అన్నది: "తినకపోతే పోయిందిలెండి. పిల్లల ముఖాలు కూడ సరిగా చూడలేదు ఈసారి."

ఆ మాటకు నా వద్ద మందు లేదు. ఇంటి పద్ధతినే మార్చుకోవలసి వచ్చింది.

నిజానికి ఈ పిండివంటలు ఒంటరిగా చేయడానికి ఉద్దేశించినవి కావు. అరిసెల సంగతే చూడండి. బియ్యం ఒక పగలు, ఒక రాత్రి నానాలి. తడి ఆరకముందే దంచి జల్లించాలి. పాకం ఉండకట్టే పదునుకు రాగానే ఒకరు పిండి పోస్తుంటే మరొకరు తెడ్డుతో కలపాలి. ఒకరు వత్తితే, ఒకరు కాల్చితే, మరొకరు చెక్కల మధ్య నూనె పిండాలి. మా చిన్నతనంలో ఈ రోజు మా ఇంట, రేపు పొరుగింట అని వంతులు వేసుకొని పండుగకు పది రోజుల ముందే ముగించేవారు. మా పెద్ద కోడలు కరీంనగర్ పిల్ల. వారి వైపు సకినాలు కూడ ఇంతే. తడిపిన బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, పరచిన గుడ్డ మీద వేళ్లతో మెలి పెడుతూ చుట్లు చుట్టాలి. వాడంతా కూర్చుని కబుర్లు చెప్పుకొంటూ చేస్తే అది వేడుక. ఒక్కతే కూర్చుని చేస్తే నడుము విరుగుతుంది. పనిలోనే తీరికను, తోడును కలిపి పెట్టారు పూర్వులు. మనం తోడును తీసివేసి పనిని మాత్రం మిగుల్చుకొన్నాము.

మరుసటి సంవత్సరం నుండి మా ఇంట్లో ఏడు పిండివంటలు మూడయ్యాయి. అరిసెలు పొరుగువారితో కలిసి ముందుగానే చేసుకొంటున్నాము. సకినాలు భోగినాటి సాయంత్రం అందరమూ చుట్టవలసిందే. మా మనుమరాలు చుట్టినవి ఏ ఆకారంలో ఉన్నా నూనెలోకి వెళతాయి. కనుమనాడు గారెల బాధ్యత నాది. మొదటి ఏడు పిండిలో నీరు ఎక్కువై గారె నూనెలో పడగానే చెదిరిపోయింది. ఇంటిల్లిపాదీ నవ్వారు. పిల్లలు మరొక రోజు సెలవు పెట్టి ముక్కనుమ నాడు బయలుదేరుతున్నారు. భోజనానికి గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకొని, ఎవరూ నిలబడి వడ్డించకుండా ఒకేసారి కూర్చుంటాము. మాట్లాడక, నవ్వక, మనసు అన్నం మీదనే నిలిపి భుజించమని చరకుని ఆదేశం. పండుగ పంక్తిలో దీనిని పూర్తిగా పాటించడం నా వల్ల కాలేదని ఒప్పుకొంటాను. టెలివిజను మాత్రం కట్టివేస్తాము. వ్యవహారాలు, తగవులు ఎత్తము. మిగిలిన కబుర్లకు భోజనానంతరం అరుగు ఉన్నది.

మరొక మార్పు భోగినాటి తలంటు. గోరువెచ్చని నువ్వులనూనెతో అభ్యంగనం శ్రమను, వాతాన్ని హరిస్తుంది. ఈ చలికి అది ఎంతో మేలు. ఇంట్లో అందరికీ తలంటేది ఇల్లాలే. ఆమెకు తలంటేవారు ఎవరు? ఈ ప్రశ్న నాకు కాదు, మా కోడలికి తోచింది. ఇప్పుడు అత్తగారికి తలంటి నలుగు పెట్టేది ఆ అమ్మాయే. జ్వరం, అజీర్ణం ఉన్నవారు మాత్రం ఆరోజు నూనె అంటుకోరాదు.

ఇంత చేసినా ఒక ఏడాది చెప్పకుండా బంధువులు దిగి మా నియమాలన్నీ తలక్రిందులయ్యాయి. అటువంటప్పుడు అక్కరకు వచ్చే ఉపాయాలు కొన్ని చెబుతాను. భోజనానికి ముందు చిన్న అల్లం ముక్కను రెండు ఉప్పు కణికలతో నమిలితే ఆకలి బాగుంటుంది. రక్తపోటు ఉన్నవారు ఉప్పు మానాలి. తిన్నది బరువుగా ఉంటే అర చెంచా వామును నమిలి వేడినీరు త్రాగాలి. గుండెలో మంటగా, పుల్లగా ఉంటే అల్లం, వాము పనికిరావు. రాత్రి ధనియాలు నానబెట్టిన నీటిని ఉదయం వడగట్టి త్రాగడం మేలు. మరునాడు ఒక పూట లంఘనం చేసి, తరువాత జీలకర్ర పొడి వేసిన పలుచని మజ్జిగతో కొద్దిగా అన్నం తీసుకోవాలి. తిన్న వెంటనే పగటినిద్ర పోరాదు. మధుమేహం ఉన్నవారికి పంచదార ఎంతో బెల్లమూ అంతే. అరిసె ముక్కతో సరిపెట్టుకోవాలి. పండుగ పేరుతో మందులు మానరాదు. భోజనం తరువాత రొమ్ములో నొప్పి, చెమటలు, ఆయాసం కనబడితే వాయువు అనుకొని వాము నములుతూ కూర్చోక, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఈసారి అరిసెలకు బియ్యం నానబోసేది ఏ రోజో పొరుగింటివారు అప్పుడే అడిగి వెళ్లారు. గారెల పప్పు రుబ్బేటప్పుడు నీరు ఎంత పోయాలో మా ఆవిడ నాకు మళ్లీ చూపిస్తానన్నది.